జీన్ క్లార్క్‌ని ఎక్కడ మొదలుపెట్టాలి?

ఈ నెల ఉత్తరాల్లో సగానికి సగం ఒక్క మనిషి మీదే వచ్చాయి. పోయిన సంచికలో ఒక జవాబు చివర, అమెరికాలో జీన్ క్లార్క్ అని ఒకాయన ఉండేవాడు, పాటలు బాగా రాసేవాడు, వినేవాళ్ళే కరువయ్యారు అని ఒక ముక్క రాశాను. దానికింత గోల అవుతుందనుకోలేదు. ఘంటసాల, సుశీల ప్రశ్నలు వచ్చే నెలకి అట్టిపెట్టాను. ఏమీ అనుకోకండి.

*

ప్రశ్న: అమ్మా, నేను రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాను. వయసు 71. మాది విశాఖపట్నం. ప్రస్తుతం కాన్సస్ సిటీలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మొన్న అల్లుడిగారి కారులో ఒక పాట వచ్చింది. ఒక ఆడ గొంతు, ఒక మగ గొంతు కలిసి చాలా నెమ్మదిగా, నిద్రలో నడుస్తున్నట్టు పాడారు. పాడింది రాబర్ట్ ప్లాంట్, ఆలిసన్ క్రాస్ అట. రాసింది మాత్రం మీరు చెప్పిన జీన్ క్లార్కేనని, పెరిగింది కూడా ఈ ఊళ్ళోనేనని అల్లుడుగారు ఫోనులో చూసి చెప్పారు. నాకు ఇంగ్లిషు పాటలో మాట ఒక్కటీ పట్టుబడదు. ఈ వయసులో కొత్తగా మొదలుపెట్టడం బాగుంటుందా? మా ఆవిడ నవ్వుతోంది. అసలు కంట్రీ రాక్ అంటే ఏమిటి? ఏ రికార్డుతో మొదలుపెట్టమంటారు?

జవాబు: అన్నయ్యగారూ, ముందు వదినగారిని కూడా కూర్చోబెట్టండి. నవ్వేవాళ్ళు పక్కనుంటే పాట ఇంకా బాగా వినిపిస్తుంది.

మీరు విన్న పాట ‘పాలీ కమ్ హోమ్’ అయినా అయ్యుండాలి, ‘త్రూ ద మార్నింగ్, త్రూ ద నైట్’ అయినా అయ్యుండాలి. ప్లాంట్, క్రాస్ కలిసి 2007లో తెచ్చిన ఆల్బంలో క్లార్క్ పాటలు ఈ రెండూ ఉన్నాయి. ఆ ఆల్బంకి గ్రామీల్లో పెద్ద బహుమతి వచ్చింది. రెండు పాటలూ 1969లో క్లార్క్, డగ్ డిల్లర్డ్ అనే బాంజో వాయిద్యకారుడితో కలిసి చేసిన ఒకే ఎల్పీలోవి. అవి బయటికొచ్చేనాటికి ఆయనకి పాతికేళ్ళు నిండలేదు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

కంట్రీ రాక్ అనేది పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. అమెరికా పల్లెల్లో ఫిడేలు, బాంజో, మాండలిన్, స్టీల్ గిటార్ పెట్టుకుని పాడుకునే పాటలుండేవి. వాటి బాణీల్లోకి పట్నం కుర్రాళ్ళు 1960ల చివర్లో ఎలక్ట్రిక్ గిటార్‌నీ డ్రమ్సునీ తెచ్చారు. పల్లె వాసన పోలేదు, ఊపు వచ్చింది. క్లార్క్, డిల్లర్డ్ 1968లో చేసిన మొదటి ఎల్పీలో బెర్నీ లెడన్ అనే కుర్రాడు కూడా ఉన్నాడు. తర్వాత ఈగల్స్ బృందం పెట్టినవాళ్ళలో ఈయనొకడు. 1972లో ఈగల్స్ మొదటి ఆల్బంలో, క్లార్కూ తనూ కలిసి రాసుకున్న పాటని తీసుకెళ్ళి మళ్ళీ పాడాడు. ఇక ఈగల్స్ అంటే చెప్పేదేముంది, మన ఇంజినీరింగ్ కాలేజీ హాస్టళ్ళలో గిటార్ పట్టిన ప్రతి కుర్రాడూ ‘హోటల్ కాలిఫోర్నియా’ని ఒకసారైనా ఖూనీ చేసినవాడే. ఆ ఇంటికి పునాది తవ్విన చేతుల్లో మీ కాన్సస్ సిటీ మనిషి చేతులూ ఉన్నాయి.

ఆయన పుట్టింది 1944 నవంబర్ 17న, మిస్సోరీ రాష్ట్రంలో టిప్టన్ అనే చిన్న ఊళ్ళో. పదముగ్గురు పిల్లల్లో మూడోవాడు. తొమ్మిదేళ్ళప్పుడు తండ్రి దగ్గర గిటారూ మౌత్ ఆర్గానూ నేర్చుకున్నాడు. కాన్సస్ సిటీలో స్వోప్ పార్క్ దగ్గర పెరిగాడు. ఆ పార్కుకి అల్లుడుగారు మిమ్మల్ని ఈపాటికి జూ చూపించడానికి తీసుకెళ్ళే ఉంటారు.

మాట పట్టుబడదన్నారు. మైలాపూరు సభల్లో తెలుగు ముక్క రాని పెద్దలు త్యాగరాజ కీర్తనలకి తల ఊపుతూ, కళ్ళు తుడుచుకుంటూ కూర్చోవడం లేదూ? మీరూ అలాగే వినండి. పైగా జీన్ క్లార్క్ పాటల్లో సగం, ఇంగ్లిషు పుట్టుకతో వచ్చినవాళ్ళకే ఇదీ అని అర్థం కావు. ఇందులో ఏమన్నాడో చెప్పండి అంటే తలో మాట చెబుతారు. అందుకని మాటల సంగతి వదిలేసి గొంతు పట్టుకోండి.

ఇక ఏ రికార్డు అంటే: ‘వైట్ లైట్’. 1971 ఆగస్టులో వచ్చింది. అట్ట మీద పేరు కూడా సరిగ్గా వేయలేదు, అందుకని కొందరు ఉత్త ‘జీన్ క్లార్క్’ అనే పిలుస్తారు. పాటలు తొమ్మిదే. ఒక గిటారు, ఒక మౌత్ ఆర్గాన్, వెనక ఎక్కువ హడావిడి చేయని బృందం. ఈ ఎల్పీని తీర్చిదిద్దినవాడు జెస్సీ ఎడ్ డేవిస్. కయోవా తెగ మనిషి, గొప్ప గిటారిస్టు. గాత్ర కచేరీలో మంచి వయొలినిస్టు ఏం చేస్తాడు? పాడేవాడు ఊపిరి తీసుకునే సందులో మాత్రమే చిన్న ముక్క వేసి తప్పుకుంటాడు. డేవిస్ గిటారూ అంతే. రేడియో స్టేషన్లో టేపులు విని విని బతికినదాన్ని, ఇలా చోటిచ్చే వాయిద్యకారుడు ఎంత అరుదో నాకు తెలుసు.

మూడు పాటలు చెబుతాను. ‘విత్ టుమారో’ రెండున్నర నిమిషాలే ఉంటుంది, దాంతో మొదలుపెట్టండి. ఆయన వాక్యాన్ని ఎలా ముగిస్తాడో చూడండి. చివరి అచ్చుని దిగ్గొట్టి నిలబెట్టడు. అది కాస్త వణికి, దించుకుని, తర్వాతి వాక్యంలోకి జారిపోతుంది. రెండోది ‘ఫర్ ఎ స్పానిష్ గిటార్’, ఇది అయిదు నిమిషాల దాకా ఉంటుంది. తొందర లేదు, మలుపు లేదు, కోరస్‌లో జనం అరుపులు లేవు. ఒకే నడకలో సాగుతుంది. రెండో చరణానికి మీరు సోఫాలో వెనక్కి వాలకపోతే నాకు ఉత్తరం రాయండి.

మూడోది ‘టియర్స్ ఆఫ్ రేజ్’. ఇది ఆయన రాసింది కాదు, బాబ్ డిలన్, రిచర్డ్ మాన్యుయెల్ కలిసి రాసింది. కూతురి వల్ల మనసు విరిగిన తండ్రి పాట. క్లార్క్ పాడేనాటికి 26 ఏళ్ళవాడు. ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. ఆయన పాతికేళ్ళ వయసులోనే అరవై దాటినవాడిలా పాడాడు. అప్పటి పాతికేళ్ళ శ్రోతలకి ఆ గొంతుతో ఏం చేయాలో తోచలేదు. మీకు తోస్తుంది. కాబట్టి ఈ వయసులోనా అని సంకోచించకండి, ఈ ఒక్క గాయకుడి విషయంలో మీరు సరైన వేళకే వచ్చారు.

ఒక్క షరతు. మొదటి మూణ్ణెల్లూ ఆయన జీవిత చరిత్ర చదవకండి. కథ తెలిస్తే ‘పాపం’ అనబుద్ధవుతుంది. ‘పాపం’ అన్నాక పాట వినపడదు.

*

ప్రశ్న: మేడమ్, నాది హైదరాబాద్, గిటార్ వాయిస్తాను. జీన్ క్లార్క్ అంటే ‘నో అదర్’ కదా! లోకమంతా మాస్టర్‌పీస్ అంటుంటే పోయిన నెల మీరు దాని పేరు కూడా ఎత్తలేదు. అంత గొప్ప ఆల్బం అప్పట్లో ఎందుకు పోయింది?

జవాబు: ఎత్తలేదు బాబూ, కావాలనే. దాని పేరు ఎత్తితే ఇక ఎవరూ ఇంకోటి వినరు.

1974 సెప్టెంబరులో అసైలమ్ కంపెనీ విడుదల చేసింది. లాస్ ఏంజెలెస్ విలేజ్ రికార్డర్ స్టూడియోలో తామస్ జెఫర్సన్ కే అనే ప్రొడ్యూసర్ చేయించాడు. ఖర్చు లక్ష డాలర్లు దాటిందంటారు, ఆ రోజుల్లో అది తక్కువ సొమ్ము కాదు. అంతా చేసి తేలింది ఎనిమిది పాటలు. కంపెనీ పెద్ద డేవిడ్ గెఫెన్‌కి ఒళ్ళు మండింది. ప్రచారం అంతంతమాత్రం. బిల్‌బోర్డ్ పట్టీలో 144 దగ్గర ఆగింది, రెండేళ్ళలో దుకాణాల నుంచే మాయమైంది. అట్ట వెనక ఫోటో ఇంకో తమాషా: మిస్సోరీ పల్లెటూరివాడు ముఖానికి రంగు పూసుకుని, వదులు పైజామాల్లో, పాతకాలపు సినిమా రారాజులా నిలబడ్డాడు. కంట్రీ వినేవాళ్ళు వీడెవడన్నారు, రాక్ వినేవాళ్ళు ఇదెక్కడి పాటన్నారు.

అయితే నెపమంతా కంపెనీ మీదే తోసేస్తే సరిపోదు. జనం రికార్డు కొనాలంటే పాడినవాడు ఊరూరా తిరగాలి. ఈయన విమానం ఎక్కడు. వేదిక ఎక్కాలన్నా వణుకే. తాగుడు మొదలైతే ఆగదు. 1967లో మొదటి సోలో ఎల్పీ వచ్చినప్పుడు ఇంకో చిత్రం జరిగింది. ఆయన వదిలి వచ్చిన బర్డ్స్ అనే రాక్ బృందం ఎల్పీని, ఈయన ఎల్పీని, ఒకే కొలంబియా కంపెనీ ఒకే నెలలో దుకాణంలో పెట్టింది. కొనేవాడు ఏది కొంటాడు? తెలిసిన పేరున్నదే. 1973లో ‘రోడ్‌మాస్టర్’ ఎల్పీని ఎ అండ్ ఎం కంపెనీవాళ్ళు నెదర్లాండ్స్‌లో తప్ప ఎక్కడా విడుదలే చేయలేదు. డచ్చివాళ్ళకి మాత్రం ఈయనంటే మొదటినుంచీ అభిమానం. ‘వైట్ లైట్’ని అక్కడి విమర్శకులు ఆ ఏటి మేటి ఆల్బంగా ఎంచారు. సొంత దేశంలో అమ్ముడుపోని సరుకుకి అక్కడ పీట వేశారు.

‘నో అదర్’ గొప్పదే, కాదనను. ‘స్ట్రెంత్ ఆఫ్ స్ట్రింగ్స్’ మొదట్లో మాటల్లేకుండా గొంతులన్నీ కలిసి లేచే ఆలాపన ఉంటుందే, అక్కడ రోమాలు నిక్కబొడవకపోతే మనిషే కాదు. ‘సమ్ మిసండర్‌స్టాండింగ్’ ఎనిమిది నిమిషాలు నడిచినా ఒక్క క్షణం తియ్యాలనిపించదు. కానీ మిగతాచోట్ల పొరల మీద పొరలు: కోరస్ గాయనులు, సింథసైజర్లు, రెండు మూడు గిటార్లు, పెర్కషన్. కిందెక్కడో ఆయన గొంతు ఉంటుంది. ఆ గొంతుతో పరిచయం ఉన్నవాడికి అది వైభవం. పరిచయం లేనివాడికి రొద. నాకైతే ‘నో అదర్’ టైటిల్ పాటలో గొంతు మీద చేసిన ఆ మెషిన్ పనితనం ఇప్పటికీ కొంచెం ఎక్కువే అనిపిస్తుంది. నీకు నచ్చితే నాకేం అభ్యంతరం లేదు.

2014లో బీచ్ హౌస్ అనే అమెరికా బృందంవాళ్ళు స్నేహితుల్ని పోగేసి, ఈ ఆల్బం మొత్తాన్ని ఊళ్ళు తిరుగుతూ వేదికల మీద వాయించారు. 2019లో ఫోర్ ఏడీ కంపెనీ మళ్ళీ అచ్చేసింది. ఇప్పుడు దొరకనిచోటు లేదు. నువ్వు గిటారిస్టువి కాబట్టి ఒక పని చెయ్యి. ‘ఫ్రమ్ ఎ సిల్వర్ ఫయల్’ తీగలు కింద కూర్చుని ఒక్కడివే పట్టుకో. పైన ఉన్న హంగంతా తీసేస్తే అది ‘వైట్ లైట్’కి సొంత చెల్లెలని తెలుస్తుంది.

*

ప్రశ్న: విమానం గురించి పాట రాసినాయనే విమానానికి భయపడ్డాడట కదా, నిజమేనా అక్కయ్యా? మా వారితో పందెం వేశాను. – ఒక గృహిణి, తెనాలి

జవాబు: పందెం గెలిచావు చెల్లీ, చీర కొనిపించుకో.

1965 ఆగస్టులో బర్డ్స్ బృందం లండన్‌కి ఎగిరింది. ఆ ప్రయాణం మీదే ‘ఎయిట్ మైల్స్ హై’ పాట. రాసినవాళ్ళుగా క్లార్క్, రోజర్ మెక్‌గిన్, డేవిడ్ క్రాస్బీ ముగ్గురి పేర్లూ ఉంటాయి. ప్రయాణికుల విమానాలు ఆరేడు మైళ్ళ ఎత్తులోనే పోతాయి. కానీ పాటకి ఎనిమిదే బాగుందన్నాడు క్లార్క్, బీటిల్స్ పాటలో ఎనిమిది రోజులున్నాయి కదా అని. పాట 1966 మార్చిలో విడుదలైంది. మత్తుమందుల గురించేనని అనుమానించి చాలా స్టేషన్లు వేయడం మానేశాయి. అది బయటికొచ్చేనాటికే క్లార్క్ బృందంలో లేడు. న్యూయార్క్ విమానంలో కూర్చుని, ఇక ఊపిరాడక దిగిపోయాడు. ఎగరలేనివాడివి పక్షులతో ఎలా ఉంటావని మెక్‌గిన్ అన్నాడంటారు. భయం ఒక్కటే కారణం కాదులే. బృందంలో సొంత పాటలు ఎక్కువ రాసింది ఈయనే, రాసినవాడికి రాయల్టీ ఎక్కువొస్తుంది. ఇక మిగతా నలుగురి ముఖాలు ఎలా ఉంటాయో ఉమ్మడి కుటుంబంలో కాపురం చేసినదానివి, నీకు నేను చెప్పాలా?

కొసరు: ఆ పాట కట్టడానికి ముందు, 1965 నవంబరులో బస్సులో ఊళ్ళు తిరుగుతూ వాళ్ళు అదేపనిగా విన్న క్యాసెట్‌లో ఒక పక్క జాజ్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్, రెండో పక్క మన రవిశంకర్. పన్నెండు తీగల గిటారు మీద మెక్‌గిన్ వాయించిన ఆ ముక్క కోల్ట్రేన్ శాక్సోఫోన్‌ని అనుకరించింది. కోల్ట్రేన్ ఆ బాణీకి ‘ఇండియా’ అని పేరు పెట్టుకున్నాడు. చుట్టూ తిరిగి మన గుమ్మం ముందుకే వచ్చింది.

*

ప్రశ్న: మన దగ్గర మరుగునపడ్డ కళాకారులు లేరా? ఎక్కడో అమెరికాలో తాగి చచ్చినవాడి గురించి పత్రికలో పేజీలు తగలెయ్యడం ఎందుకు? – ఒక పాత చందాదారు, నెల్లూరు

జవాబు: ఉన్నారండీ, బోలెడుమంది. పోయిన ఏడాదంతా వాళ్ళ గురించే రాశాను. అప్పుడు మీ దగ్గర నుంచి ఒక్క కార్డు ముక్కా రాలేదు. తాగింది నిజమే, 1991 మే 24న లాస్ ఏంజెలెస్‌లో పోయాడు, 46 ఏళ్ళు. ఆ జనవరిలోనే బర్డ్స్‌ని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకుంటే అయిదుగురూ చివరిసారి ఒక వేదిక మీద నిలబడ్డారు. అంతకు రెండేళ్ళ ముందు, ఈయన ఇరవయ్యేళ్ళప్పటి పాటనొకదాన్ని టామ్ పెట్టీ అనే రాక్ గాయకుడు తన ఆల్బంలో పాడాడు. లక్షలమంది విన్నారు. రాసింది ఎవరో వాళ్ళలో ఎంతమందికి తెలుసు? తాగుడు ఆయన వెంటే పోయింది. రికార్డులు ఉన్నాయి. నేను రికార్డుల గురించి రాస్తున్నాను. చందా కొనసాగించినందుకు ధన్యవాదాలు.

*

ప్రశ్న: అమ్మా, నాకు 66. స్కూలు టీచరుగా చేశాను. చెవికి మిషన్ పెట్టుకున్నాక మాటలు బాగానే వినిపిస్తున్నాయి గానీ పాట పెడితే పీలగా, రేకు డబ్బాలో పాడినట్టుంటోంది. మీరు చెప్పిన జీన్ క్లార్క్‌ది ‘వైట్ లైట్’ మనవరాలు పెట్టింది. మౌత్ ఆర్గాన్ వచ్చినప్పుడల్లా గరగరమని ఎగిరి పడుతోంది. నావంటివాళ్ళు పాటలు మర్చిపోవలసిందేనా? – కర్నూలు

జవాబు: ఎందుకు మర్చిపోవాలి మాస్టారూ! చెవి మిషన్లని ముందుగా మాట కోసమే తయారుచేస్తారు. పక్క చప్పుళ్ళని తగ్గించి, మాట వినిపించే మేర పెంచుతాయి. ఇంకో పని కూడా చేస్తాయి. మిషన్ తనలో తాను కూతపెట్టకుండా, ఒకే స్వరం సాగుతున్నట్టు అనిపిస్తే దాన్ని కూత అనుకుని నొక్కేస్తాయి. మౌత్ ఆర్గాన్‌లో సాగదీసిన స్వరం అచ్చం అలాగే ఉంటుంది. మీరు విన్న గరగర చాలావరకు ఈ తగాదాయే. పాడైంది మిషనూ కాదు, మీ చెవీ కాదు.

చెవి డాక్టరు దగ్గర మిషన్ సరిచేసే ఆడియాలజిస్టు ఉంటారు. సంగీతం కోసం వేరే సెట్టింగు పెట్టమని అడగండి. ఈమధ్య మిషన్లలో చాలావాటికి ఆ వీలుంది. అందులో చప్పుడు తగ్గించే పని, కూత ఆపే పని రెండూ తగ్గిస్తారు. అడక్కపోతే పెట్టరు, ఎందుకంటే పాటలు వింటారా అని ఎవరూ మిమ్మల్ని అడగరు. రెండోది, ఫోనులోంచి వినకండి. ఫోను స్పీకరులో మంద్రం ఉండదు. కొంచెం పెద్ద స్పీకరు తెచ్చి, నాలుగైదు అడుగుల దూరంలో, మరీ గట్టిగా కాకుండా పెట్టుకోండి.

వయసుతో ముందుగా పోయేది సన్నటి పైశబ్దాలు. తాళాల మోత, ‘స’, ‘ఫ’ లాంటి హల్లులు పలచబడతాయి. మంద్రం దాకా మన చెవి ఇంకా చాలా ఏళ్ళు గట్టిగానే ఉంటుంది. జీన్ క్లార్క్ గొంతు సరిగ్గా ఆ చోటే ఉంటుంది, పైకి అరిచే రకం కాదు. మీకు ఇంగ్లిషు వచ్చుగనక హల్లులు అందనిచోట పాట సాహిత్యం కాగితం మీద చూసుకుంటూ వినొచ్చు. కార్లా ఓల్సన్‌తో 1987లో చేసిన ‘సో రెబెలియస్ ఎ లవర్’ కూడా ప్రయత్నించండి. అక్కడ ఆయన గొంతు ఇంకా కిందికి దిగింది, కొంచెం బొంగురుపోయింది, పక్కన ఆడ గొంతు ఉండటంతో రెండూ విడివిడిగా తెలుస్తాయి.

ఆడియాలజిస్టు దగ్గరికి ఉత్త చేతుల్తో వెళ్ళకండి. ‘వైట్ లైట్’లో మీకు గరగర వచ్చిన పాటనే మనవరాలి ఫోనులో పట్టుకెళ్ళండి. చిన్న స్పీకరు వెంట ఉంటే మరీ మంచిది. అక్కడే పెట్టించి, ఇదిగో ఇక్కడ అని చూపించండి. మాటలతో చెబితే వాళ్ళకి అర్థం కాదు, వింటే అయిదు నిమిషాల్లో సరిచేస్తారు. సరికాకపోతే ఇంకోసారి వెళ్ళండి, మొహమాటపడకండి.